తెల్ల ఎలుకలూ, మా అమ్మ దారపు ముక్కలూ

పోయిన నెలలో విశాఖపట్నం వెళ్ళినప్పుడు మా తమ్ముడి కూతురు తను పనిచేస్తున్న వైద్య కళాశాల చూపిస్తానని వెంట తీసుకెళ్ళింది. మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్ళు పట్టేసి, ఇంక చాలు తల్లీ అనబోతుండగా ఒక పొడుగాటి వసారా చివర ఆగి, ఇదొక్కటీ చూడండి అత్తయ్యా అని తలుపు మీద చెయ్యి వేసింది. తలుపు తీయకముందే నాకు తెలిసిపోయింది లోపల ఏముందో. నానిన కాయితాన్ని పాత నూకల కుండలో పెట్టి మూతవేస్తే ఎలా ఉంటుందో అలాంటి వాసన. ఆ వాసన పీల్చి యాభై ఏళ్ళు దాటింది. లోపల గోడవారగా అరల మీద వరసగా పెట్టెలు, పెట్టెల్లో ఎర్రపూసల్లాంటి కళ్ళతో తెల్ల చిట్టెలుకలు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. వేళకి తిండి, సీసాల్లో నీళ్ళు. వీటికి పడుకోడానికి ఏం వేస్తారే అని అడిగాను. రంపప్పొట్టు వేస్తామంది. అది కిందకి సరే, అల్లుకోడానికి ఏమిస్తారన్నాను. దానికి నా ప్రశ్న అర్థం కాలేదు. ఎలుకలకి అల్లిక ఏంటి అత్తయ్యా అని నవ్వింది. ఇంటికొచ్చే దారి పొడుగునా దానికి చెబుతూనే ఉన్నాను. ఇవన్నీ రాసిపెట్టండి, లేకపోతే మీతోనే పోతాయి అంది. నిజమే అనిపించింది.

మా నాన్నగారు ఏలియాగారు కంపౌండరు. నరసాపురం వెళ్ళే కాలవ మీద, నీళ్ళు ఆపి పడవల్ని దాటించే లాకుల దగ్గరున్న ఊళ్ళో చిన్న ఆసుపత్రి ఉండేది. పన్నెండు మంచాలు, మందుల గది, వెనక ఒక వసారా, అంతే. ఆ వెనకే మా పెంకుటిల్లు. నాన్న ఒంటి మీద ఎప్పుడూ కార్బాలిక్ వాసన వేసేది. ఆదివారం ఆరాధనకి తెల్లటి పంచె కట్టుకుని వెళ్ళినా పక్కన కూర్చున్నవాళ్ళకి ఆసుపత్రి గుర్తొచ్చేది. ఆయనకి ఒక అలవాటుండేది. ఊరికే కూర్చున్నా చేతులు కట్టుగుడ్డలు చుడుతూనే ఉండేవి. అమ్మ చేతులూ అంతే. ఆమె లేసు అల్లేది. మా పేటలో ఆడవాళ్ళందరూ అల్లేవారు. నరసాపురం నుంచి మనిషి వచ్చి పట్టుకెళ్ళేవాడు. తెల్లదారానికి మరక తగిలితే అల్లిక పనికిరాదు కాబట్టి అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచిన ప్రతిసారీ కుంకుడు రసంతో మోచేతుల దాకా కడుక్కుని, గాలికి ఆరబెట్టుకుని, అప్పుడు సూది ముట్టేది. మమ్మల్ని కూడా చేతులు చూపిస్తే గానీ ఒళ్ళోకి రానిచ్చేది కాదు. మిగిలిన దారపు ముక్కలు, వేలెడంతవీ జానెడంతవీ, ఒక తాటాకు బుట్టలో వేసేది. ఎందుకు దాస్తావమ్మా అంటే, పారేస్తే పోతాయి, ఉంచితే ఎందుకో ఒకందుకు వస్తాయి అనేది.

డాక్టరుగారి పేరు శామ్యేలుగారు. మద్రాసులో చదువుకుని వచ్చిన తెలుగువారే. అప్పటికి ముప్పై ఏళ్ళుంటాయేమో. పెళ్ళి కాలేదు. అన్నం తింటూ కూడా అన్నాన్ని పరీక్షగా చూసేవారని మా నాన్న చెప్పేవారు. ఆ రోజుల్లో మా కాలవగట్టు ఊళ్ళల్లో ఒక జబ్బు ఉండేది. ముందు పాదాలు తిమ్మిరెక్కుతాయి, పిక్కలు నొక్కితే నొప్పి, తర్వాత ఒళ్ళు ఉబ్బుతుంది, ఆయాసం వస్తుంది. కొందరు లేస్తారు, కొందరు లేవరు. ఊళ్ళో దాన్ని కాళ్ళతిమ్మిరి అనేవారు, డాక్టరుగారు బెరిబెరి అనేవారు. తడి నేల వల్ల వస్తుందని కొందరు, అంటురోగమని కొందరు. డాక్టరుగారికి ఇంకో అనుమానం ఉండేది. లాకుల అవతల బియ్యపు మర పెట్టాక, మరబియ్యం తినేవాళ్ళకే ఈ జబ్బు ఎక్కువగా వస్తోందని, రోట్లో దంచుకు తినేవాళ్ళకి అంతగా రావడంలేదని ఆయన లెక్క. కానీ అలా అంటే ఒప్పుకునేవాళ్ళెవరు? మల్లెపువ్వులాంటి బియ్యం తింటే జబ్బు రావడమేమిటని నవ్వారు. మర దగ్గర పడవలకి బస్తాలెత్తేవాళ్ళకి కూలి కింద ఆ బియ్యమే కొలిచేవారు. వాళ్ళ ఇళ్ళల్లో అది గొప్ప. అందుకని ఆయన మద్రాసుకి రాసి తెల్ల చిట్టెలుకల్ని తెప్పించారు.

అవి నిడదవోలు దాకా రైల్లోనూ అక్కణ్ణుంచి కాలవ పడవలోనూ వచ్చాయి. పెట్టె దించుతున్నప్పుడు లాకుల దగ్గర జనం పోగయ్యారు. డాక్టరు ఎలుకల్ని పెంచుతాడట అని వారం రోజులు అదే మాట. నాకు అప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. వసారాలో కిరసనాయిలు డబ్బాలు వరసగా పెట్టి, ఒక్కో దాంట్లో ఆరేసి ఎలుకల్ని వేసి, మీద ఇనపజల్లెడ కప్పారు. సగం డబ్బాలకి మరబియ్యం, సగం డబ్బాలకి దంపుడు బియ్యం. ఇంకేమీ పెట్టకూడదు. తిండి వేయడం, నీళ్ళు పోయడం నాన్న పని, ఆయన వెనకాల నా పని. వారానికొకసారి ఒక్కో ఎలుకనీ కాయితపు పొట్లంలో వేసి మందుల తక్కెడలో తూచేవారు. పొట్లంలోంచి తోక బయటికి వేలాడుతుంటే నాన్న ముఖం చాలా గంభీరంగా పెట్టుకుని మందుల తూకపు గింజల లెక్కన బరువు చెప్పేవారు. నేను పలక మీద రాసేదాన్ని.

అవి చచ్చిపోవడం మొదలుపెట్టాయి. మరబియ్యం తిన్నవి చస్తే డాక్టరుగారు సంతోషించేవారేమో గానీ, రెండు రకాలవీ చచ్చాయి. ఎండలకి డబ్బాలు పెనంలా కాలేవి. ఒకదాన్నొకటి కరుచుకునేవి. ఒక డబ్బాలో ఒక ఎలుక పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గోడ వెంబడే ఒకే వైపు తిరుగుతుండేది, గానుగెద్దులా. ఇంకొకటి జల్లెడ పట్టుకుని కొరికి కొరికి మూతి పుండు చేసుకుంది. ఒకటి పిల్లల్ని పెట్టి, తెల్లారేసరికి తనే తినేసింది. అది చూసి ఆ రోజు నేను అన్నం తినలేదు. నెల తిరిగేసరికి సగం కూడా మిగల్లేదు.

అమ్మ ఆసుపత్రి వైపు వచ్చేది కాదు. డాక్టరుగారి ఎదుట నిలబడి మాట్లాడటం అసలే లేదు. ఏదైనా చెప్పాలంటే తలుపు పక్క నుంచి నాన్నకి చెబితే నాన్న ఆయనకి చెప్పేవారు. కానీ నేను అన్నం మానేసిన రోజున, మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వచ్చి, ఒక్కో డబ్బా దగ్గరా వంగి చాలాసేపు చూసింది. గిరగిరా తిరిగేదాని దగ్గర ఇంకా ఎక్కువసేపు నిలబడింది. ఇంటికొచ్చాక లేసు చేతిలోకి తీసుకుని, నాన్నతో, "వాటికి పనిలేక పిచ్చెక్కుతోందండీ" అంది. నాన్న నవ్వారు. అమ్మ నవ్వలేదు. తన దారపు బుట్టలో ఇంటి చిట్టెలుకలు ఎన్నిసార్లు గూళ్ళు పెట్టాయో, ఎన్నిసార్లు తీసి పారేసిందో చెప్పింది. ఆ గూడు ఎంత ముచ్చటగా ఉంటుందో, లోపల ఎంత వెచ్చగా చీకటిగా ఉంటుందో, పిల్లల్ని ఎలా కప్పుకుంటుందో చెప్పింది. దాక్కోడానికి చోటు లేకపోతే ఏ జీవమైనా కరుస్తుంది, బిడ్డని దాచుకోడానికి చోటు లేకపోతే తనే మింగేస్తుంది, ఆ డబ్బాలో నన్ను పెట్టినా నేనూ తిరుగుతాను అంది.

నాన్న ఈ మాట డాక్టరుగారికి చెప్పడానికి నాలుగు రోజులు తటపటాయించారు. చెబితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు. దారం తింటాయేమో, కొత్త వస్తువు ఏది పెట్టినా లెక్క తప్పుతుంది అన్నారట. తలుపు పక్క నుంచి అమ్మ జవాబు వెళ్ళింది. అన్ని డబ్బాలకీ ఒకలాగే పెడితే లెక్క ఎలా తప్పుతుంది, ఇప్పుడు మాత్రం లెక్క ఏం తేలుతోంది అని. ఆయన నిజమే అన్నారు. డాక్టరుగారిలో నాకు నచ్చేది అదే. మాట ఎవరి నుంచి వచ్చిందని చూసేవారు కాదు, మాటని చూసేవారు.

డబ్బాలు పోయి మందుల చెక్కపెట్టెలు వచ్చాయి. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి పూటపూటా నీళ్ళు చల్లేవాళ్ళం. అమ్మ కుమ్మరి చేత నిమ్మకాయంత కన్నం పెట్టించిన చిన్న పిడతలు చేయించింది. కొబ్బరి చిప్పలకి నాన్న కన్నాలు పెట్టారు. కొరకడానికీ పాకడానికీ కందికట్టెలు ఏటవాలుగా నిలబెట్టాం. బాగా కరిచే మగవాటిని వేరు చేశాం. చివర అమ్మ తన బుట్ట తెచ్చి, ఒక్కో పెట్టెలో గుప్పెడు దారపు ముక్కలు వేసింది, ఉండలుగా, చిక్కు తీయకుండా. చిక్కు తీయొద్దని నాకు గట్టిగా చెప్పింది. ఆ చిక్కు తీసుకోవడమే వాటి పని.

ఆ సాయంత్రం నేను చూసినది ఈ వయసులో కూడా కళ్ళకి కడుతుంది. ముందు దూరంగా ఉండి మీసాలాడించాయి. తర్వాత ఒకటి వచ్చి దారపు కొస నోట కరుచుకుని వెనక్కి వెనక్కి లాగింది. ఉండ మొత్తం దాని వెంట దొర్లింది. అది బెదిరి పిడతలో దూరి, మళ్ళీ వచ్చి లాగింది. దీపాలు పెట్టే వేళకి ప్రతి పెట్టెలోనూ పని జరుగుతోంది. ఒక్కో దారాన్ని ముందుకాళ్ళతో పట్టుకుని పళ్ళతో పీచు పీచుగా చీల్చి, చుట్టూ పేర్చి, మధ్యలో కూర్చుని గుండ్రంగా తిరిగి ఒంటితో అదిమేవి. గానుగెద్దులా తిరిగేది కూడా మూడో రోజుకి తిరగడం తగ్గించింది. పూర్తిగా మానలేదు. అమ్మ చూసి, దీనికి కొంచెం ఆలస్యమైంది అంది. తొలకరి పడ్డాక పిల్లలు పుట్టాయి. ఈసారి ఏ తల్లీ తినలేదు. మద్రాసుకి మళ్ళీ రాయవలసిన అవసరం లేకపోయింది.

అప్పుడు డాక్టరుగారు మొదటినుంచీ మొదలుపెట్టారు. నాలుగు పెట్టెలు, రెండింటికి దంపుడు బియ్యం, రెండింటికి మరబియ్యం. మరబియ్యం తినే మూడో పెట్టెలో ఒక ఆడ ఎలుక ఉండేది. పాత డబ్బాలో ఉండగా దాని కుడి చెవి సగం ఇంకో ఎలుక కొరికేసింది. మొండిచెవి అని పేరు పెట్టాను. నా వేలు జల్లెడ మీద పెడితే వచ్చి వాసన చూసి, గోరు నాకి వెళ్ళేది. మిగతావి నాకు ఎలుకలు, అది మాత్రం మొండిచెవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నూకాలు ఆసుపత్రికి వచ్చింది. లాకుల అవతల జాలరిపేట మనిషి. పెనిమిటి మర దగ్గర బస్తాలెత్తేవాడు. రెండు నెలల బిడ్డ తల్లి. బాలింత పథ్యమని అత్తగారు తెల్లటి అన్నం, మిరియాల చారు తప్ప ఇంకేమీ ముట్టనివ్వలేదట. మంచం మీద కూర్చోబెట్టి అడిగితే, "నా కాళ్ళు ఎవరివో తెచ్చి తగిలించినట్టున్నాయి బాబుగారూ" అంది. బిడ్డ ఏడిస్తే గొంతు పెగిలేది కాదు, గాలి మాత్రం వచ్చేది. డాక్టరుగారు ఆమె మంచం దగ్గర ఆగినప్పుడల్లా, అక్కణ్ణుంచి నేరుగా వసారాలోకి వచ్చి పెట్టెల దగ్గర నిలబడేవారు.

మరబియ్యం పెట్టెలు రెండూ వారాలు గడిచేకొద్దీ డీలా పడ్డాయి. బొచ్చు రేగిపోయింది. కందికట్టె ఎక్కబోయి జారిపడేవి. దారం పని ఆపేశాయి. మొండిచెవి నా వేలు దగ్గరికి రావడానికి రెండుసార్లు ఒరిగిపోయింది. నేను ఏమీ ఆలోచించలేదు. మా ఇంట్లో గేదె మేత మానేసినా, దూడ నలతగా ఉన్నా తవుడు పెట్టేవారు. తవుడు కుండ నాకు అందే ఎత్తులో ఉండేది. పరికిణీ కుచ్చిళ్ళలో చిటికెడు పోసుకుని వెళ్ళి, మూడో పెట్టెలో వేశాను. గబగబా తినేశాయి. రోజూ వేశాను. నాలుగో పెట్టెకి వేయలేదు. ఎందుకు వేయలేదంటే దాంట్లో మొండిచెవి లేదు. ఇది రాయడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంది.

రెండు వారాలకి మూడో పెట్టె ఎలుకలు బరువెక్కి మళ్ళీ గూళ్ళు కడుతున్నాయి. నాలుగో పెట్టెలో మూడు పోయాయి. డాక్టరుగారు తక్కెడని రెండుసార్లు సరిచూశారు. బియ్యం ఒకే బస్తాలోదేనా అని నాన్నని మూడుసార్లు అడిగారు. చివరికి ఒక మధ్యాహ్నం బల్ల మీద కలం పెట్టేసి, తన ఊహ తప్పని నాన్నతో అన్నారు. ఒకే తిండి తిన్న రెండు పెట్టెల్లో ఒకటి పడిపోయి ఒకటి నిలబడిందంటే, జబ్బు తిండిలో లేదు, ఏదో అంటుకుంటోంది. ఆ మాటే మద్రాసుకి రాసేస్తాను అన్నారు. నూకాలుకి పెట్టే బియ్యం మార్చక్కర్లేదు, విడిగా గదిలో పడుకోబెట్టండి చాలు అని కూడా అన్నారు.

నేను వసారాలోనే ఉన్నాను. నాకు సగం అర్థమైంది. ఆ సగం చాలు. ఇంటికెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ నా పరికిణీ అంచు చూసి, దులిపి, వేళ్ళకి అంటిన తవుడు చూసుకుంది. ఎన్నాళ్ళ నుంచి అని మాత్రం అడిగింది. చెప్పాను. ఆమె సూది పక్కన పెట్టింది. నాన్నగారికి చెప్పవా అన్నాను. "చెప్పను. నువ్వే చెప్పు, డాక్టరుగారికే చెప్పు. ఇప్పుడే వెళ్ళు" అంది.

మందుల గదిలో ఆయన ఉత్తరం రాస్తున్నారు. నేను ఏడుస్తూ చెప్పానో, చెప్పి ఏడ్చానో గుర్తులేదు. కొడతారనుకున్నాను. నాన్న పక్కనే సీసాలు తుడుస్తున్నారు. డాక్టరుగారు కుర్చీలోంచి లేచి, నా ఎత్తుకి గొంతుక్కూర్చుని, ఏ పెట్టెకి, ఏ వేళకి, ఏ రోజు నుంచి అని నెమ్మదిగా అడిగారు. ఎంత వేసేదానివి అన్నారు. చిటికెడు అన్నాను.

"నీ చిటికెడా, మీ అమ్మ చిటికెడా?"

నాది అన్నాను. కుండ తెప్పించి, నా చేత చిటికెడు తక్కెడలో వేయించి తూచారు. మళ్ళీ వేయించారు, మళ్ళీ తూచారు. పదిసార్లు. నా ఏడుపు ఎప్పుడు ఆగిపోయిందో తెలియలేదు. ఉత్తరం కాయితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, నాన్నతో, బియ్యంలోంచి మర ఏం తీసేస్తోందో ఈ పిల్ల మళ్ళీ దాంట్లో కలిపేసింది కంపౌండరు గారూ అన్నారు. నన్ను మెచ్చుకోలేదు. చెప్పకుండా దాచడం కూడా అబద్ధమేనని, పెట్టెల మీద ఇంకెప్పుడూ తనకి చెప్పకుండా చెయ్యి వేయకూడదని చెప్పి పంపేశారు.

తవుడు నూకాలుకి ఇద్దామా వద్దా అని ఆయనా నాన్నా ఆ సాయంత్రమంతా మాట్లాడుకున్నారు. అయిదారు ఎలుకల్ని చూసి మనిషికి మందివ్వడం పద్ధతి కాదని ఆయనకీ తెలుసు. పశువుల దాణా మనుషులకి పెట్టారంటే ఊళ్ళో తలెత్తుకోలేమండి అని నాన్న. తవుడు వల్ల చచ్చినవాళ్ళెవరూ లేరు, ఆగితే బిడ్డ ఆగదు అని చివరికి డాక్టరుగారే నూకాలు దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పారు. ఇది ఎలుకలకి పనిచేసింది, నీకు చేస్తుందో లేదో నాకు తెలియదు, ఇష్టమైతేనే అని. ఆమె అంతా విని, "గేదెలాగే తింటాను లెండి బాబుగారూ, గేదెలా నడిస్తే చాలు" అంది. తవుడు నీళ్ళలో నానబెట్టి, వడగట్టి, బెల్లం వేసి అమ్మే కాచి పంపింది. అయిదో రోజుకి బిడ్డ ఏడుపు మా ఇంటి దాకా వినిపించింది. ఆసుపత్రిలో పిల్లల ఏడుపు విని మా నాన్న అంత సంతోషించడం నేను మళ్ళీ చూడలేదు. ఇరవై రోజులకి నూకాలు గోడ పట్టుకోకుండా కాలవ దాకా వెళ్ళింది.

కానీ ఒక మనిషి లేచిందంటే పదిమంది పది కారణాలు చెబుతారు. అందుకని ఎలుకలతో మళ్ళీ సరిగ్గా చేయాలన్నారు డాక్టరుగారు. పన్నెండింటికీ మరబియ్యమే, ఆరింటికి మాత్రం తవుడు. ఏది ఎటు అన్నది చీటీలు వేసి తీశారు. మొండిచెవి తవుడు లేని వైపు పడింది. దాన్ని మార్చమని ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన చీటీ నా చేతిలో పెట్టి, మారిస్తే దాని చోట ఇంకొకటి రావాలి, ఆ ఇంకొకటి ఏం పాపం చేసిందో నువ్వే చెప్పు అన్నారు. నేను మిగతావాటిని చూశాను. ఒక్కదానికీ పేరు లేదు. రావడం మానేయొచ్చు, నీ మీద ఎవరికీ కోపం లేదు అని కూడా అన్నారు. మానలేదు. రోజూ వెళ్ళి, బియ్యం వేసి, వేలు జల్లెడ మీద పెట్టి, ఒట్టి చేతులతో తిరిగొచ్చేదాన్ని. ఇంట్లో తవుడు కుండ పక్క నుంచి నడవడం అప్పటికి నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది.

అమ్మ ఈసారి నాన్న ద్వారా రెండు మాటలు పంపింది. ఒకటి, చచ్చేవే అయినా గూడు మాత్రం తియ్యొద్దు, దారం రోజూ కొత్తది వేస్తాను. రెండు, కట్టె ఎక్కలేక పడిపోయాక ఇంక చూడ్డానికి ఏముంది, ప్రాణం పోయేదాకా ఎందుకు ఉంచాలి? మొదటిదానికి డాక్టరుగారు వెంటనే సరే అన్నారు. రెండోది విని ఒక రోజు ఆగారు. మర్నాడు, పడిపోయిన ప్రతిదానికీ అప్పుడు తవుడు పెడదాం, లేస్తాయో లేదో చూస్తే అదీ తెలుస్తుంది, వాటికీ మంచిది అన్నారు. మీ ఆవిడగారు మెడికల్ కాలేజీలో ఉండవలసిన మనిషి అని నాన్నతో అన్నారట. నాన్న ఆ మాట ఇంటికొచ్చి చెబితే అమ్మ విననట్టే మజ్జిగ చిలుకుతూ పోయింది.

తవుడు తిన్న ఆరూ నిలబడ్డాయి. తిననివి ఆరూ ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. పడ్డవాటికి తవుడు పెడితే నాలుగు లేచాయి, ఒకటి రెండు రోజుల్లోనే, చూస్తుండగా. ఒకటి లేవలేదు. మొండిచెవి చివర పడింది. తవుడు నా వేలి మీదే పెట్టాను. నాకింది, మింగలేకపోయింది. మధ్యాహ్నానికి కొత్త దారం మధ్య ముడుచుకుని ఉండిపోయింది. డాక్టరుగారు పుస్తకంలో "ఆలస్యమైంది" అని తెలుగులోనే రాసి, నాకు చూపించారు. మిగతా అంతా ఇంగ్లీషే.

ఆయన మద్రాసుకి పెద్ద నివేదిక పంపారు. జవాబు వచ్చినట్టు నాకు తెలియదు. అలాంటి సంగతే వేరే దేశాల్లో పెద్దవాళ్ళు కనిపెట్టారని, ఆ తవుడులో ఉన్న వస్తువుకి పేరు కూడా పెట్టారని నేను బడిపంతులమ్మనయ్యాక పత్రికల్లో చదివాను. మా ఊళ్ళో మాత్రం కొన్నాళ్ళు బాలింతలకి తవుడు నీళ్ళిచ్చారు, తర్వాత మరిచిపోయారు. ఇప్పుడు దంపుడు బియ్యం పెడితే చుట్టాలు చిన్నబుచ్చుకుంటారు. మా మేనకోడలి ఇంట్లో కూడా మల్లెపువ్వులాంటి అన్నమే. దాని పక్కన రోజుకొక మాత్ర. అప్పుడు బియ్యంలో ఉన్నది తీసి గేదెకి పెట్టేవారు, ఇప్పుడు దాన్నే సీసాలో పెట్టి మనకిస్తున్నారు. ఏది మేలో తేల్చే చదువు నాకు లేదు. కాలేజీలో ఎలుకలు మా వాటికన్నా శుభ్రంగా ఉన్నాయి, మా వాటిలా ఎండకి మాడవు. అది మాత్రం ఒప్పుకోవాలి.

మరుసటి ఏడు డాక్టరుగారికి గంజాం వైపు బదిలీ అయింది. మిగిలిన ఎలుకల్ని క్లోరోఫారంతో నిద్రపుచ్చాలని ఏర్పాటు. నాన్న సీసా తీశారు. అప్పుడు అమ్మ తలుపు దాటి వసారాలోకి వచ్చింది. అన్నేళ్ళల్లో మొదటిసారి ఆయన ముఖం చూసి మాట్లాడింది.

"వాటి పని అయిపోయింది కదండీ. మిగిలిన రోజులు నా దగ్గర ఉంటాయి."

ఆయన సీసా తీసుకుని అలమారలో పెట్టేశారు. మగవాటినీ ఆడవాటినీ మాత్రం కలపకండమ్మా, ఊళ్ళో మనుషులకి చోటుండదు అన్నారు. అమ్మ నవ్వింది.

మా ఇంటి వెనక గదిలో అవి ఉన్నన్నాళ్ళూ ఉన్నాయి. ఒక్కొక్కటే తగ్గి, చివరికి ఒకటి మిగిలింది. పడి లేచిన నాలుగింటిలో అదొకటి. నేను ఎన్నడూ పట్టించుకోనిది. దాని బొచ్చు పలచబడి, వీపు వంగి, ఒక కంటికి పొర వచ్చింది. కందికట్టె ఎక్కేది కాదు గానీ దారం మాత్రం లాగేది, ఒక్కో పోగూ, మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకుంటూ. పళ్ళు సరిగ్గా లేవని అమ్మ దానికి అన్నం మెత్తగా మెదిపి, తవుడు కలిపి, అరచేతిలో పెట్టేది. ఒకరోజు అది తింటుంటే నన్ను పిలిచి చూడమంది. పిల్లి నోట్లోనో, బోనులోనో, కర్ర కిందో పోయిన ఎలుకల్నే జన్మంతా చూశానని, ఇన్నేళ్ళొచ్చాయి గానీ ముసలిదైన ఎలుకని చూడటం ఇదే మొదలని అంది. అది తినడం ముగించేదాకా చెయ్యి కదపకుండా అలాగే కూర్చుంది.